పువ్వు ఒక్కటే నేర్పితే చాలదమ్మా

ప్రశ్న: మాది మొగల్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నాకు 54 ఏళ్ళు. పదేళ్ళ వయసు నుంచి లేసు అల్లుతున్నాను. మా ఇంటి వెనక కాలనీలో చదువు మానేసిన పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు రొయ్యల షెడ్డుకి పోతారు, కొందరు ఊరికే తిరుగుతుంటారు. వాళ్ళకి నాకొచ్చిన పని నేర్పుదామని రెండు నెలల కిందట మా అరుగు మీద మొదలుపెట్టాను. పద్నాలుగు మంది వచ్చారు, ఇప్పుడు అయిదుగురు మిగిలారు. ఒక అమ్మాయి అయితే నేనిచ్చిన కొక్కెం సూది కూడా తిరిగివ్వకుండా మానేసింది. మిగిలినవాళ్ళలో పదహారేళ్ళ అబ్బాయి ఒకడున్నాడు, వాణ్ణి చూసి ఊళ్ళో నవ్వుతున్నారు. ఇద్దరు పన్నెండేళ్ళ లోపు ఆడపిల్లలు. ఈ మధ్య ఒక ఏజెంటు వచ్చి, దారం తనే ఇస్తానని, పిల్లలు చేసిందంతా తనే తీసుకుంటానని అంటున్నాడు. మా అబ్బాయేమో "ఈ రోజుల్లో లేసు నేర్పి వాళ్ళ బతుకు పాడు చేయకమ్మా, కంప్యూటర్ నేర్చుకోమను" అంటున్నాడు. ఫీజు తీసుకోవాలా, వద్దా? అసలు ఇది కొనసాగించాలా, మానేయాలా? టెన్షన్‌గా ఉంది, చెప్పండి.
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, కొనసాగించండి. రెండు నెలల తర్వాత కూడా అయిదుగురు వస్తున్నారంటే మీ చేతిలో నేర్పే గుణం ఉంది. అయితే నేర్పే పద్ధతి కొంచెం మార్చాలి. ఎందుకో చెప్పే ముందు మా అమ్మమ్మ గురించి చెబుతాను.

ఆవిడది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మధ్యాహ్నం అంట్లు తోముకుని, చెయ్యి తుడుచుకుని అరుగు మీద కూర్చుంటే చీకటి పడి దారం కనిపించకుండా పోయేదాకా లేచేది కాదు. ఆవిడది చేతిపని. అంటే పువ్వులు మాత్రమే అల్లేది. ఒకే రకం పువ్వు, ఒకే కొలత. పది పదిగా గుచ్చి పాత చీర ముక్కలో మూటకట్టి ఉంచితే వారానికోసారి ఏజెంటు వచ్చి లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. వాటిని ఒకదానికొకటి కలిపే అతుకుపని వేరే ఊళ్ళో వేరే ఆడవాళ్ళు చేసేవారు. నేను పదో తరగతిలో ఉండగా అడిగాను, "అమ్మమ్మా, ఇవన్నీ కలిపితే ఏమవుతుంది?" అని. "మంచం మీద వేసే దుప్పటి అవుతుందంటారే. నేనెప్పుడూ చూళ్ళేదు" అంది. అప్పటికి నలభై ఏళ్ళుగా అల్లుతోంది ఆవిడ. తను చేసిన పువ్వు ఎక్కడ అతుకుతారో తెలియదు, ఆ దుప్పటి ఏ దేశం పోతుందో తెలియదు, అక్కడ ఎంతకి అమ్ముతారో అంతకన్నా తెలియదు. పువ్వుకి ఇన్ని పైసలు అని మాత్రం తెలుసు.

మీరు చేస్తున్నది మన ప్రాంతానికి కొత్త కాదు. నరసాపురం చుట్టుపక్కలకి లేసు వచ్చిందే బీద ఆడవాళ్ళకి నేర్పడం ద్వారా. 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు మొదలుపెట్టారని చెబుతారు. ఆ తర్వాత ఇంటింటికీ పాకింది, యూరప్‌కీ అమెరికాకీ ఎగుమతి అయింది, 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. పేరు అంత దూరం వెళ్ళింది. అల్లిన చేతులు మాత్రం చాలావరకు మా అమ్మమ్మ చేతుల్లాగే మిగిలిపోయాయి. కారణం నాకు తెలిసినంతలో ఇదీ. తరం తర్వాత తరం అల్లిక నేర్పారు కానీ, వస్తువు మొత్తం చేయడమూ దానికి ధర కట్టడమూ నేర్పలేదు. పువ్వు నేర్చుకున్న పిల్ల పువ్వు దగ్గరే ఆగిపోయింది. మీ అరుగు మీద ఆ తప్పు జరగకూడదని నా కోరిక.

అందుకని మొదటి వారంలోనే ఒక పూర్తి వస్తువు చేయించండి. ఎంత చిన్నదైనా సరే. గ్లాసు కింద పెట్టుకునే గుండ్రటి ముక్క చాలు. మొదటి చైన్ కుట్టు దగ్గర్నుంచి చివర దారం కొస లోపలికి దాచేదాకా, ఉతికి, గంజి పెట్టి, అట్ట మీద గుండుసూదులతో గుండ్రంగా లాగి ఆరబెట్టేదాకా ఒకే మనిషి చేయాలి. గంజి పెట్టి ఆరిన ముక్కని అట్ట మీంచి తీసేటప్పుడు పిల్లల మొహం చూడండి. అప్పటిదాకా ముడుచుకుపోయి, కాస్త మురికి పట్టి, చేపపొట్టులా కనిపించిన ముక్క తెల్లగా, పలకలా నిలబడుతుంది. "ఇది నేనే చేశానా?" అంటారు. నెల రోజులు చైన్లూ వరసలూ వేయించి విప్పించి, వేయించి విప్పించి నేర్పితే ఆ ఆనందం ఎప్పటికీ రాదు. మనం చిన్నప్పుడు అలాగే నేర్చుకున్నాం, నిజమే. మనకి ఇంట్లో అమ్మ పక్కనే ఉండేది, మానేసే దారి లేదు. ఈ పిల్లలకి ఉంది. షెడ్డుకి పోతే సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. మీ తొమ్మిది మంది ఎందుకు మానేశారో నేను ఇక్కడ కూర్చుని ఖాయంగా చెప్పలేను. రెండు నెలల్లో వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి అమ్మకి చూపించిన వస్తువు ఒక్కటైనా ఉందా అని మాత్రం అడుగుతాను.

మొదటి దారం మీరు అల్లే సన్న తెల్లదారం కాకుండా చూసుకోండి. 40 నంబరు దారం మీ చేతికి అలవాటు. కొత్త పిల్లకి అది కంటికి ఆనదు, కుట్టు ఎక్కడుందో కనిపించదు. నంబరు తగ్గేకొద్దీ దారం లావు అని మీకు తెలిసిందే. 10 నంబరు దారం, లేత పసుపో లేత నీలమో కొనండి, దానికి తగ్గ లావు సూది ఇవ్వండి. నలుపు, ముదురు రంగులు వద్దు, వాటిలో కన్నాలు కనపడవు. తర్వాత తెల్లదారానికి వచ్చినప్పుడు ఒళ్ళో ముదురు రంగు గుడ్డ పరిస్తే కుట్లు విడివిడిగా కనిపిస్తాయి. దారం ఉండను స్టీలు గ్లాసులో వేసి పక్కన పెట్టుకుంటే దొర్లదు, అరుగు మీద దుమ్ము అంటదు.

చేతి సంగతి కూడా ఒకటి చెప్పాలి. కొత్తవాళ్ళు భయంతో దారాన్ని బిగించి పట్టుకుంటారు. ఎడమచేతి చూపుడువేలు నిటారుగా బిర్రబిగుసుకుపోతుంది. నాలుగు వరసలు అయ్యేసరికి ముక్క గిన్నెలా పైకి లేస్తుంది, సూది కన్నంలోకి దూరదు, పిల్ల విసుగెత్తి పక్కన పడేస్తుంది. అప్పుడు "వదులుగా అల్లు, వదులుగా అల్లు" అని వందసార్లు చెప్పినా వేలికి అర్థం కాదు. మీ వేలిని వాళ్ళ వేలి పక్కన పెట్టి, ఒకే దారం రెండు వేళ్ళ మీదుగా పోనిచ్చి, మీరు అల్లండి. దారం ఎంత మెల్లగా జారుతుందో వాళ్ళ చర్మానికి తెలుస్తుంది. నేను ఎన్ని మాటలు చెప్పినా రాని సరైన బిగువు, ఇలా అయిదు నిమిషాలు చేస్తే వచ్చేసిన పిల్లల్ని చూశాను. ఎడమచేతి వాటం పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోకండి, ఎదురుగా కూర్చోబెట్టండి. అద్దంలో చూసినట్టు మీ చేతిని చూసి నేర్చుకుంటారు. వాళ్ళని కుడిచేతికి మార్చే ప్రయత్నం దయచేసి చేయకండి.

రొయ్యల షెడ్డు నుంచి వచ్చే పిల్లల వేళ్ళు చూసే ఉంటారు. పొద్దున్నుంచి ఐసులో, తడిలో ఉండి చర్మం నానిపోయి, ముళ్ళు గీరుకుపోయి ఉంటాయి. ఆ వేళ్ళకి దారం చిక్కుకుంటుంది, నెత్తురు మరక పడుతుంది, "మేడం తిడుతుంది" అని మానేస్తారు. వాళ్ళు రాగానే చేతులు కడిగించి, కొబ్బరినూనె రాయించి, ఒక పావుగంట టీ తాగుతూ కబుర్లు చెప్పండి. తర్వాత నూనె తుడిపించి సూది ఇవ్వండి. చేతులు బాగా దెబ్బతిన్న రోజు అల్లిక వద్దు, గంజి పనో, కొలతలు రాసే పనో ఇవ్వండి. క్లాసు టైము కూడా వాళ్ళని బట్టే ఉండాలి. చెరువుల్లో రొయ్యలు పట్టుబడికి వచ్చిన వారం షెడ్డులో రాత్రి పొద్దుపోయేదాకా పని ఉంటుంది. ఆ వారం ఎవరూ రాలేదని బాధపడకండి, వచ్చే వారం ఫలానా రోజు అని ముందే చెప్పి వదిలేయండి.

ఇప్పుడు ఏజెంటు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే.

చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థ కోనసీమలో నడిపిన శిక్షణలో నేను నేర్పడానికి వెళ్ళాను. ముప్పై మంది అమ్మాయిలు, 45 రోజులు. బాగానే నేర్చుకున్నారు. చివరిరోజు సర్టిఫికెట్లు, ఫొటోలు, స్వీట్లు. మూడు నెలల తర్వాత అమలాపురం బస్టాండులో వాళ్ళలో ఒకమ్మాయి కనిపించి, బస్సు కదిలేలోపు పరుగెత్తుకొచ్చి అడిగింది, "మేడం, ఆ దారం ఎక్కడ దొరుకుతుందండీ?" అని. నాకు తల తిరిగిపోయింది. నలభై అయిదు రోజులు దారం పెట్టెల్లో వచ్చింది, పెట్టెల్లోంచి తీసి ఇచ్చాం. దారం ఏ ఊళ్ళో కొంటారో, ఉండ ఎంతో, ఒక ఉండలో ఎన్ని ముక్కలు వస్తాయో ఒక్కరికీ చెప్పలేదు. మాకు తట్టలేదు. ఆ ముప్పై మందిలో ఆ తర్వాత అల్లింది నాకు తెలిసి ముగ్గురే.

అందుకే ఏజెంటు దారంతో మొదలుపెట్టకండి. ఆయన చెడ్డవాడని నేను అనను. ఏజెంట్లు లేకపోతే ఈ పని ఇన్నేళ్ళు నిలిచేది కాదు. కానీ దారం ఆయనది, డిజైన్ ఆయనది, కొనేది ఆయనే అయితే పిల్లలకి మిగిలేది వేళ్ళు కదపడం ఒక్కటే. మొదటి ఆరు నెలలు దారం మీరే కొనండి. కొనడానికి మీరు ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని నరసాపురం వెళ్ళండి. బేరం వాళ్ళనే ఆడనివ్వండి. రసీదు తెచ్చి అరుగు గోడకి అంటించండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి వస్తువుకి ఒక పేజీ. ఎన్ని గ్రాముల దారం, ఎన్ని గంటలు, ఎవరు చేశారు. ధర వాళ్ళతోనే కట్టించండి. లెక్క ఇలా ఉంటుంది. ఒక టేబుల్ ముక్కకి 8 గంటలు పట్టిందనుకుందాం, ఏజెంటు దారం తనే ఇచ్చి కూలి 80 రూపాయలు ఇస్తానన్నాడనుకుందాం. గంటకి పది రూపాయలు పడింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు ఉండేది. ఆ 80నీ ఈ 307నీ పక్కపక్కన రాసి పిల్లలకి చూపించండి. మీరేమీ చెప్పనక్కర్లేదు, వాళ్ళే మాట్లాడుకుంటారు. అదే ముక్కని 30 రూపాయల సొంత దారంతో చేసి, గంటకి కనీసం 35 రూపాయలు వేసుకుంటే, గంజికీ కవరుకీ బస్సు ఛార్జీకీ ఇంకో 20 కలుపుకుంటే, 330 రూపాయలు అవుతుంది. అంతకి కొనేవాళ్ళు ఉన్నారా? ఆ ప్రశ్న వాళ్ళు అడగాలి. లేరు అని తేలితే అది తక్కువ గంటల్లో అయ్యే వస్తువుగా మార్చాలి, లేదా ఎక్కువ పలికే చోటికి తీసుకెళ్ళాలి. మెషీన్ లేసు బజార్లో మీటర్ల లెక్కన చవగ్గా దొరుకుతోంది. దానితో పోటీపడే టేబుల్ క్లాతులు మొదట్లోనే ఎత్తుకోవద్దు. జాకెట్టు చేతుల అంచులు, చున్నీ అంచులు, పిల్లల గౌన్లకి కాలర్లు, ఇవి మీ ఊరి టైలర్లు అడిగి చేయించుకుంటారు, కొలత వాళ్ళే చెబుతారు. కార్తీకమాసం ఆదివారాలు పేరుపాలెం బీచ్‌కి వచ్చే జనాన్ని మీరెరుగుదురు. అంతర్వేది తీర్థానికి మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కడానికి నిలబడే జనాన్నీ ఎరుగుదురు. అక్కడ ఒక చిన్న బల్ల వేసి పిల్లల్నే అమ్మనివ్వండి. మీరు వెనక కూర్చోండి. కొనేవాళ్ళు ముక్కని తిప్పి వెనకవైపు చూడటం, ముడి కనిపిస్తే పక్కన పెట్టేయడం వాళ్ళు కళ్ళారా చూస్తే, కొస దాచమని మీరు మళ్ళీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఆరు నెలల తర్వాత, లెక్క వచ్చాక, ఏజెంటు దగ్గరికి వెళ్ళండి. అప్పుడు పిల్లలకి తమ గంట విలువ తెలుసు. రేటు నచ్చితే ఆర్డరు తీసుకుంటారు, నచ్చకపోతే లేచి వస్తారు. ఆర్డరు తీసుకున్నా ఒక షరతు పెట్టండి. చేతిపనీ అతుకుపనీ రెండూ మీ అరుగు మీదే జరగాలి. ఇక్కడ ఒక కష్టం వస్తుంది, ముందే చెబుతున్నాను. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది. అదే సూది, అదే దారం, అదే డిజైన్ ఇచ్చినా ఒకమ్మాయి పువ్వు కొంచెం పెద్దది, ఇంకో అమ్మాయిది కొంచెం చిన్నది వస్తుంది. అతికినప్పుడు గుడ్డ ముడతలు పడుతుంది, సరుకు వెనక్కి వస్తుంది. అట్ట మీద గుండ్రం గీసి, ప్రతి పువ్వునీ దాని మీద పెట్టి చూడటం అలవాటు చేయండి. ఎవరిది పెద్దదిగా వస్తోందో వాళ్ళకి కాస్త సన్న సూది, చిన్నదిగా వస్తుంటే కాస్త లావు సూది ఇస్తే సరిపోతుంది. తిట్టి చేతిని మార్చడం కన్నా సూది మార్చడం తేలిక.

ఆ ఇద్దరు చిన్నపిల్లల గురించి. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత పని చేయించడం మన చట్టం ప్రకారం నేరం. 2016లో సవరణ వచ్చాక సొంత ఇంట్లో, సొంత కుటుంబం పనిలో, బడి అయ్యాక సాయం చేయడానికి మినహాయింపు ఉంది. మీ దగ్గరికి వచ్చేది వేరే ఇంటి పిల్లలు. వాళ్ళు నేర్చుకోవచ్చు, బొమ్మకి గౌను అల్లుకోవచ్చు, ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. అమ్మే సరుకులో మాత్రం వాళ్ళ కుట్టు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇంకో మాట. వాళ్ళు బడి మానేసినవాళ్ళయితే మీ అరుగు కన్నా ముందు బడికి వెళ్ళాలి. హెడ్మాస్టరు గారిని కలిసి వాళ్ళని మళ్ళీ చేర్పించండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత రమ్మనండి. "బడికి వెళ్ళొస్తేనే సూది" అనే నియమం పెడితే, లేసు మీద ఇష్టం ఉన్న పిల్ల బడికీ వెళుతుంది. చిన్న కళ్ళకి సన్న దారం ఇవ్వకండి, లైటు కింద అల్లనివ్వకండి.

ఆ అబ్బాయి సంగతి చదివి నాకు సంతోషం వేసింది. నవ్వేవాళ్ళకి సమాధానం మీ రేవులోనే ఉంది. సాయంత్రం పూట పడవల దగ్గర మగవాళ్ళు వల బాగుచేసుకుంటూ కూర్చుంటారు. కన్ను కన్నుకీ కొలత తప్పకుండా, దారం బిగువు మారకుండా, చూపు తిప్పకుండా అల్లుతారు. వాళ్ళ చేతిలో ఉన్నదీ సూదే. ఉప్పాడ వెళితే మగ్గం మీద మగవాళ్ళూ ఆడవాళ్ళూ కూర్చుని జాందానీ చీర మీద ఒక్కో పువ్వునీ చేత్తో ఎక్కిస్తుంటారు. ఆ చీరకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ మగవాడు పువ్వు వేస్తే ఎవరూ నవ్వరు. ఆ అబ్బాయి ఇంట్లో వల పని ఉంటే మీరు అదృష్టవంతులు, వాడి వేళ్ళకి ముడి ముందే తెలుసు. వల కన్నుల డిజైన్‌తోనే ఒక సంచీ అల్లమనండి, కూరగాయల సంచీ. మగపిల్లలు చేతబట్టుకుని తిరగగలిగే వస్తువు, త్వరగా అవుతుంది, అమ్ముడుపోతుంది. ఊళ్ళోవాళ్ళతో మీరు వాదన పెట్టుకోకండి. వాడి ముందు మాత్రం ఒకసారి గట్టిగా, అందరికీ వినపడేలా, "వీడి చేతి బిగువు నాకన్నా బాగుంది" అనండి, అది నిజమైన రోజున.

మీ అబ్బాయి మాట కొట్టిపారేయకండి. అతను తల్లి కష్టం చూసి పెరిగినవాడు, అందుకే అలా అంటున్నాడు. నేనూ ఒప్పుకుంటాను, ఈ రోజు ఉన్న కూలి రేట్లలో లేసు ఒక్కదాని మీద ఒక కుటుంబం నడవడం కష్టం. పదహారేళ్ళ పిల్లకి "ఇదే నీ జీవితం" అని చెప్పడం అన్యాయం. కానీ ఆ కాలనీ పిల్లలకి ప్రస్తుతం కంప్యూటర్ ఎదురుగా లేదు, రొయ్యల షెడ్డు ఉంది. మీ అరుగు మీద వాళ్ళకి అల్లికతో పాటు కొలత, లెక్క, రసీదు, బేరం, చెప్పిన రోజుకి సరుకు ఇవ్వడం అలవాటైతే, అవి ఏ పనిలోకి వెళ్ళినా పనికొస్తాయి. పది తప్పినవాళ్ళని ఓపెన్ స్కూల్లో కట్టించండి, దానికి 14 ఏళ్ళు నిండితే చాలు. ఇక్కడే మీ అబ్బాయి సాయం అడగండి. వారానికి ఒక గంట ఫోన్లో లెక్కలు వేయడం, వస్తువు ఫొటో పగటి వెలుతురులో ఎలా తీయాలో, వాట్సాప్‌లో ఆర్డరు ఎలా తీసుకోవాలో నేర్పమనండి. కంప్యూటర్ నేర్పమన్నాడుగా, అతనితోనే మొదలుపెట్టించండి. చాలామంది కొడుకులు ఇలా అడిగితే కాదనరు.

ఫీజు తీసుకోకండి. అలాగని అన్నీ ఉచితంగా కూడా ఇవ్వకండి. సూది మొదటిది మీరివ్వండి, రెండోది వాళ్ళ మొదటి అమ్మకం డబ్బులోంచి వాళ్ళే కొనుక్కోవాలి. అమ్మిన ప్రతి వస్తువులో దారం డబ్బు వెనక్కి తీసి ఒక డబ్బాలో వేయండి, మిగిలింది చేసినవాళ్ళకి అదే రోజు ఇచ్చేయండి. వారం తర్వాత ఇస్తామనే మాట వద్దు. షెడ్డులో సాయంత్రానికి ఇస్తున్నారు కదా.

ప్రభుత్వ పథకాల గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు మీకు చెబుతారు కాబట్టి రెండు ముక్కలు రాస్తున్నాను. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలో లేసు లేదు. బుట్టలు, చాపలు, కొబ్బరిపీచు అల్లేవాళ్ళూ, చేపల వలలు చేసేవాళ్ళూ, టైలర్లూ ఉన్నారు. 18 ఏళ్ళు నిండాలి, కుటుంబానికి ఒక్కరికే. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు. మీ దగ్గర నేర్చుకునే ఆ పదహారేళ్ళ అబ్బాయి వల పని చేసేవాడైతే, పద్దెనిమిది నిండాక వాడికి పనికొస్తుంది. సన్న దారం చేతికి ఎక్కని పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళని కొబ్బరిపీచు పని వైపు పంపితే మన డెల్టాలో కొబ్బరి డొక్కలకి కొదవ లేదు. లేసు అల్లేవాళ్ళకి కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు, అంటే చేతిపనివాళ్ళ గుర్తింపు కార్డు, ముఖ్యం. ముందు మీరు తీసుకోండి. 44 ఏళ్ళుగా అల్లుతున్న మీ దగ్గర ఆ కార్డు లేకపోతే పిల్లలకి ఎలా చెబుతారు? గురుశిష్య పద్ధతిలో శిక్షణకి అదే శాఖలో పథకం ఉంది, కార్డు ఉన్నవాళ్ళకి అడిగే దారి తేలిక. అది వచ్చినా రాకపోయినా మీ పని ఆపకండి, నలుగురైదుగురితో నడిచే అరుగుకి పథకం లేకపోయినా జరుగుతుంది. ముప్పై మందిని పోగుచేయమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక మనిషి రెండు చేతులతో ఆరుగురి వేళ్ళు చూడగలదు, అంతే.

ఇక సూది తిరిగివ్వని అమ్మాయి. ఆమె ఇంటికి ఒకసారి వెళ్ళండి. ఎందుకు మానేశావని అడగొద్దు, సూది అడగొద్దు. ఒక దారం ఉండ పట్టుకెళ్ళండి, చెంబులో పాలు పోయించుకోవడానికి వచ్చినట్టు మామూలుగా వెళ్ళండి. సముద్రం దగ్గర ఊరు కదా, ఉప్పుగాలికి ఉక్కు సూది నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన సూది దారాన్ని పీకుతుంది. "కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టుకో" అని చెప్పి, ఆ అమ్మాయి సూదిని ఎక్కడి నుంచి తీస్తుందో చూడండి. పెట్టె అడుగునుంచి తీస్తే ఉండ ఇచ్చి వచ్చేయండి. తలగడ కింద నుంచి తీస్తే, రేపు సాయంత్రం గంజి పెడుతున్నామని చెప్పండి.